ఇరవై నిమిషాలు

అంబటిసత్రం దగ్గర నా కొట్టు.
షట్టరు సగానికే లేస్తుంది,
వంగి వచ్చేవాళ్లే నా గిరాకీ.

నెలవంక కనబడిన రాత్రి
జైతూన్ బీ వంగి వచ్చింది.
గాజుల మలారం కౌంటరు మీద దించి
రొంటిన దోపిన బొత్తాల ఫోను తీసింది.
"బావూ, ఇది సహరీకి లేపుద్దేటి?"

నాలుగింటికి అలారం పెట్టి మోగించాను.
విని, తల అడ్డంగా ఊపింది.
"వీధంతా లెగిసిపోద్ది. నన్నొక్కదాన్నే లేపాల."
మోత తీసేసి వణుకు ఉంచాను.
అరచేతిలో అది కొట్టుకుంటుంటే
పిచ్చుక పిల్లని పట్టినట్టు
గుప్పిట మూసింది.

మర్నాడు మళ్లీ వచ్చింది.
వణికి వణికి ఫోను చాప మీంచి జారి
బియ్యం డబ్బా వెనక్కి పోయిందట.
ఆ రోజుకి రెండు గుక్కల నీళ్లే సహరీ.
"పోనీ నేను లేపుతాన్లే మామ్మా" అన్నాను.
ఎందుకన్నానో తెలీదు,
ఎండ మొహమ్మీద పడితే గాని లేవనివాణ్ణి.

ఒక్క రింగు. ఎత్తకూడదు.
అటునుంచి ఒక్క రింగు, లేచానని.
ఇప్పుడు ఎంత మాట్లాడినా పైసలు కాలవు,
ఆ సంగతి అమ్మేవాణ్ణి నేనే.
అయినా ఆ జాములో ఇద్దరికీ
రింగే సరిపోయింది.
దుప్పట్లోంచి మా అసిరితల్లి అడిగింది:
"ఎవులికయ్యా, ఇంత పొద్దున్నే?"
"జైతూన్ బీకి."
కాసేపు ఏమీ అనలేదు.
"మారు రింగు రాలేదు కదా,
ఇంకోపాలి కొట్టు మరి."

నాలుగో రోజా సాయంత్రం
కొత్త ఫోనుతో తౌఫీకు వచ్చాడు,
ఎండిన పెదాలు తడుపుకోకుండా.
మసీదులో అజా అయి ఎంతోసేపయినా
ఫోను అజా ఇవ్వట్లేదట, స్పీకరు చూడమన్నాడు.
స్పీకరుకేం కాలేదు.
ఆ ఫోను తాను హైదరాబాదులో ఉన్నాననుకుంటోంది.
అక్కడి సూరీణ్ణి నమ్ముకుని
ఇక్కడి కుర్రాడు నాలుగు రోజులుగా
తింటున్నాడు, ఆగుతున్నాడు.

ఊరి పేరు మార్చాను.
విజయనగరం అనగానే
అంకెలు ఇరవై నిమిషాలు వెనక్కి గెంతాయి.
వాడి మొహం పాలిపోయింది.
"అంటే తెల్లారేక కూడా తిన్నానా?"

గాజులు సైజులవారీగా గుచ్చుకుంటున్న జైతూన్ బీ
తలెత్తకుండానే అంది:
"సముద్రం మన పక్కనుంది గదరా.
సూరీడు మన గడప తొక్కేకే
ఆళ్ల ఊరెల్తాడు."
"నా రోజాలు పోయినట్టేనా నానీ?"
"ఇమాం సాబునడుగు, నాకేటి తెల్సు."
ఒక గాజు తీసి, పగులుందేమో గోటితో మీటి చూసింది.
"పొద్దుట ఇరవై నిమిషాలు ఎక్కువ తిన్నావు.
సాయంత్రం ఇరవై నిమిషాలు
ఊరికినే ఆకలితో కూకున్నావు.
ఆయనకి కూడికలు రావేటి?"
కొంగున కట్టిన ఖర్జూరం విప్పి వాడి చేతిలో పెట్టింది.

ఇరవై రెండో రోజు
రింగు పోలేదు.
"మీరు కాల్ చేసిన నంబరుకు
ఇన్‌కమింగ్ సేవలు నిలిపివేయబడ్డాయి."
తియ్యటి గొంతు. మూడుసార్లు అదే తీపి.
గడువు నేనే చూడాల్సింది.
ఊరందరికీ రీఛార్జీలు వేసేవాణ్ణి,
నా చేతిలోని నంబరు మర్చిపోయాను.

చొక్కా తిరగేసి తొడిగి స్కూటరు తీశాను.
కంటోన్మెంటు సందులో
ఆవిడ కిటికీలో అప్పటికే దీపం ఉంది.
తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది.
"నాను మూడున్నరకే లెగుస్తాను బావూ,
ఎప్పుడూ అంతే.
నువ్వు లెగిసినావో నేదో అని
ఫోను ఒళ్లో ఎట్టుకుని కూకుంటాను."

నాకు మాట రాలేదు.
"పావుగంటుంది. రా, రెండు ముద్దలు తిను."
చింతపండు పులుసు, వేడన్నం,
అంచు విరిగిన పింగాణీ పళ్లెం.

ఆ పగలు కొట్టు తీసి
ఆవిడ నంబరుకి నెలకి సరిపడా వేశాను,
ఖాతా పుస్తకంలో రాయలేదు.
టీ కుర్రాడు ఎప్పటిలా గ్లాసు పెట్టి పోయాడు.
ఎవరిదో పగిలిన తెర విప్పుతూ కూర్చున్నాను.
సాయంత్రం వాడొచ్చి గ్లాసు ఎత్తి చూశాడు,
మీగడ కట్టి నిండుగా ఉంది.
"ఏటి సార్, ఒంట్లో బాగోలేదా?"
"టైమెంతయింది?" అన్నాను.